ఎరుపులోనే ఉండాలి

“ముందెవరున్నారో చూడకుండా దూరిపోతావేం? కళ్ళు కనపడట్లేదా?”

“నేను పొద్దున్నే చెప్పు పెట్టి వెళ్ళాను. అదిగో నా చెప్పు.”

“చెప్పుని వరసలో నిలబెట్టావు, దానికి గాని ఆకలేస్తోందా తల్లీ?”

వరసలో కొందరు నవ్వారు. చెప్పు పెట్టిన ఆమె నవ్వలేదు. మోచేత్తో ముందున్న ఆమెను ఒక్క తోపు తోసి చెప్పు పక్కన నిలబడింది. చంకలోని పిల్లాడి తల అవతలామె భుజానికి తగిలింది. వాడు ఏడవడానికి నోరు తెరిచాడు గాని గొంతు రాలేదు. ఇంకెవరూ నవ్వలేదు.

పదకొండు గంటల ఎండ. నూలు మిల్లు ఆవరణలో రేకుల నీడ కింద ఒక బల్ల, ఒక తూకం, ఒక రిజిస్టరు. నీడ బల్ల వరకే. వరసంతా ఎండలో ఉంది. ఏరు ఊరి మీద పడి అది పదో వారం. మూతపడిన ఈ మిల్లులోకి రెండు వందల అరవై కుటుంబాలను తెచ్చి పెట్టారు. యంత్రాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి, వాటిని బిగించిన బోల్టులు మాత్రం నేలలో మిగిలాయి. ఆ బోల్టుల మధ్య సున్నంతో గీతలు గీసి, ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఇంటికొకటి చొప్పున ఇచ్చారు. నిద్రలో కాలు చాపితే పక్కింట్లో పడుతుంది. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

మొదట్లో అందరికీ పిండి, పప్పు, నూనె ఇచ్చేవారు. రోడ్డు కొట్టుకుపోయి లారీలు రావట్లేదని ఏడో వారంలో పిండి సగం చేశారు. పప్పు, నూనె ఎర్రకార్డు వాళ్ళకే అన్నారు. అయిదేళ్ళలోపు పిల్లల జబ్బకు ఒక కాగితం టేపు చుడతారు. దాని మీద మూడు రంగులుంటాయి. కొలత ఆకుపచ్చలో ఆగితే ఏమీ లేదు. పసుపులో ఆగితే ‘వచ్చే వారం రా’ అంటారు. ఎరుపులో ఆగితే ఎర్రకార్డు, పిల్లకు వేరుశెనగ ముద్ద ప్యాకెట్లు, ఇంటికి వారానికొక పప్పు సంచి, ఒక నూనె సీసా. పిల్ల పసుపులోకి పెరిగిన రోజున అవన్నీ ఆగిపోతాయి.

కొలిచే ఆమె ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు టీచరు. బడి నీళ్ళల్లో పోయింది. రెండు రోజులు నేర్పించి చేతికి టేపిచ్చారు. ఇప్పుడు మిల్లులో అందరికీ ఆమె టేపమ్మ. ఎదురుగా మంచి మాట అనేవాళ్ళు లేరు, చాటున తిట్టనివాళ్ళూ లేరు.

“తర్వాత!” అని అరిచింది టేపమ్మ.

కాజాలక్క ముందుకు వచ్చింది. వరద రాకముందు చొక్కాల కార్ఖానాలో కాజాలు కుట్టేది కాబట్టి ఆ పేరు. వంద కాజాలకు పన్నెండు రూపాయలు ఇచ్చేవారు. రోజుకు ఎనిమిది వందలు కుట్టేది. ఆ వేళ్ళకు ఇప్పుడు పని లేదు. గుడ్డ ఉయ్యాలలోంచి పద్నాలుగు నెలల పిల్లను తీసి బల్ల మీద కూర్చోబెట్టింది. ఇంట్లో ఆ పిల్లను పిచ్చుక అంటారు. ఆరేళ్ళ పెద్దది తల్లి చెయ్యి వదలకుండా పక్కనే నిలబడి, బల్ల కింద పెట్టెలోని ప్యాకెట్ల వైపు చూస్తోంది.

టేపు చుట్టింది టేపమ్మ. “పదకొండు పాయింటు రెండు. ఎరుపే.” తూకం చూసింది. “అయిదు కిలోల తొమ్మిది వందలు.” రిజిస్టరులో వెనక్కి రెండు పేజీలు తిప్పింది. పోయిన వారం అదే. అంతకుముందు వారమూ అదే.

“ఏమమ్మా, రోజుకి రెండు ప్యాకెట్లు. మూడు వారాలకి నలభై రెండు. నలభై రెండు ప్యాకెట్లు తిన్న పిల్ల నలభై రెండు గ్రాములైనా పెరగదా? ఎవరు మింగుతున్నారు?”

“మేమెందుకు తింటామండీ పిల్లది? పొద్దున్న ప్యాకెట్టు నా చేత్తో నేనే పెడతాను. రెండోది నేను నీళ్ళకి వెళ్ళినప్పుడు మా అత్తయ్య పెడుతుంది.”

“మరెక్కడికి పోతోంది?”

“గేటు ముందు కిళ్ళీ బంకులో వేలాడుతున్నాయిగా, అక్కడికే!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. “ఇద్దరు ఆడపిల్లల్ని ముందు పెట్టుకుని మొహం చూడు, ఏమీ ఎరగనట్టు!”

కాజాలక్క గిర్రున తిరిగింది. “ఎవరే అన్నది? నేను అమ్మడం నువ్వు చూశావా?”

“చూడాలా ఏంటి? పిల్ల ఒళ్ళు చెప్పట్లా?”

టేపమ్మ బల్ల మీద చేత్తో కొట్టింది. ఆమె చిరాకుకు వేరే కారణముంది. రిజిస్టరులో ఎర్రపిల్లలు అరవై ఒక్కరు. పెట్టెలో ఉన్న ప్యాకెట్లు నలభై మందికి సరిపోతాయి. ఈ సంగతి శిబిరం ఇన్‌ఛార్జికి మూడుసార్లు చెప్పింది. మూడోసారి అతను, “పెరగని పిల్లల పేర్లు రాసివ్వు. అసలు దొంగతనం ఎక్కడ జరుగుతోందో తేలుద్దాం,” అన్నాడు. రాయకపోతే తన ఉద్యోగం పోతుంది. కాజాలక్క పేరు పక్కన ఒక చుక్క పెట్టింది.

“ఈ వారం ప్యాకెట్లు తీసుకో. ఎల్లుండి పైనుంచి పెద్దవాళ్ళొస్తున్నారు. పిలిస్తే రావాలి.”

“ఎందుకు?”

“పిలిచినప్పుడు తెలుస్తుంది. తర్వాత!”

మధ్యాహ్నం కాజాలక్క బిందె తీసుకుని నీళ్ళకు బయల్దేరింది. ట్యాంకరు దగ్గర రెండు గంటలు పడుతుంది. మిల్లు గేటు దాకా వెళ్ళింది గాని కాళ్ళు ముందుకు పడలేదు. ‘ఎవరు మింగుతున్నారు’ అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. బిందె గేటు దగ్గర బోర్లించి వెనక్కి వచ్చింది.

తమ గీతల మధ్య అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది. పెద్దది ఆమె ఎదురుగా, మోకాళ్ళ మీద. అత్త ప్యాకెట్టు మూల పళ్ళతో చింపి, ముద్దను కింది నుంచి పైకి నొక్కుతూ పెద్దదాని నోట్లో పిండుతోంది. పిల్ల కళ్ళు మూసుకుని మింగుతోంది. ప్యాకెట్టు చదును అయ్యాక, లోపల మిగిలిన పూతను వేలితో తీసి, పక్కన పడుకున్న పిచ్చుక నాలుకకు రాసింది. పిచ్చుక ఆ వేలిని వదలలేదు. ఒట్టి వేలినే చాలాసేపు చీకింది.

“అత్తయ్యా!”

పెద్దది ఉలిక్కిపడి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. “నేను అడగలేదమ్మా. నానమ్మే పెట్టింది.”

అత్త మాత్రం ఉలిక్కిపడలేదు. ఖాళీ ప్యాకెట్టును మడిచి చాప కింద పెట్టింది. “అరవకు. పక్కవాళ్ళకి పండగ చెయ్యకు.”

“చంటిదాని నోటి ముందు ముద్ద లాగేస్తున్నావు గదా! అది చచ్చిపోతుంది!”

“దీనికేమిచ్చారు వాళ్ళు? చెప్పు.” అత్త పెద్దదాని గౌను పైకెత్తి చూపించింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. “అయిదేళ్ళు దాటితే ఆకలి ఉండదా? సగం పిండితో అయిదుగురం బతకాలి. అది నిలబడితే కళ్ళు తిరిగి పడుతోంది. నువ్వు చూడలేదు, నువ్వు నీళ్ళ దగ్గరుంటావు. నేను చూస్తున్నాను. నేనొక్క వేలైనా నాకానేమో అడుగు దాన్ని.”

ఆమె నాకలేదని కాజాలక్కకు తెలుసు. అత్త మెడ దగ్గర ఎముకలు గిన్నెలా గుంటపడ్డాయి.

అత్త గొంతు తగ్గించి అంది. “ఇంకో సంగతి. చిన్నది పసుపులోకి పోయిందనుకో, పప్పు సంచి ఆగిపోతుంది. నూనె ఆగిపోతుంది. అప్పుడు ఇద్దరూ పోతారు. చావకుండా, పెరక్కుండా, ఎరుపులోనే ఉంచాలి దీన్ని. రోడ్డు బాగయ్యేదాకా. అంతే.”

“ఎరుపులోనే ఉంచాలా? అదేమన్నా దీపమా, వత్తి తగ్గించి ఉంచడానికి?”

“నాకేమన్నా సరదానా? నీకు తెలిస్తే ఇంకో దారి చెప్పు.”

కాజాలక్క పిచ్చుకను ఎత్తుకుంది. పిల్ల బరువు చేతికి తెలియనే లేదు.

సాయంత్రం మొగుడు వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద. ఊళ్ళో బావుల్లోంచి బురద తోడే పని. మొదట్లో రోజుకు నూట యాభై ఇచ్చారు. పని కోసం వచ్చేవాళ్ళు ఎక్కువయ్యాక ఎనభై చేశారు. గేటు ముందు బంకులో పాలపొడి డబ్బా రెండొందల నలభై. అతను కూర్చోగానే కాజాలక్క జరిగిందంతా చెప్పింది. అతను వింటూ కాలి బురద గోకుతూ కూర్చున్నాడు. మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసి ఆమె ఆగిపోయింది.

“నీకు ముందే తెలుసు.”

అతను తలెత్తలేదు. “అమ్మ చెప్పిందాంట్లో తప్పేముంది? ఒక్క నెల. రోడ్డు పడితే లారీలొస్తాయి, మళ్ళీ అందరికీ ఇస్తారు.”

“ఆ నెల రోజులు ఆగమని ఎవర్నడగాలి? దాన్నా?”

“నోరు లేస్తోంది నీకు.”

“లేస్తుంది. మీరిద్దరూ కూర్చుని నా పిల్లని ఏ కొలతలో ఉంచాలో తేల్చారు. నన్నొక్క మాట అడిగారా?”

“అడిగితే ఏం చేసేదానివి? పెద్దదాన్ని చంపుకునేదానివా?”

పక్క గీతల్లోని వాళ్ళు చెవులు ఇటే పెట్టారు. సున్నపు గీతకు అవతల ఒక ముసలాయన, “కాస్త మెల్లిగా తిట్టుకోండమ్మా, మాకూ ఉన్నాయి తిట్టుకోవాల్సినవి,” అన్నాడు. కాజాలక్క మిగిలిన పన్నెండు ప్యాకెట్లను గుడ్డలో మూట కట్టి నడుముకు బిగించుకుంది. అత్త అది చూసి మొహం తిప్పుకుంది.

మర్నాడంతా మూట ఆమె నడుముకే ఉంది. పిచ్చుకను వెంట తీసుకునే నీళ్ళకు వెళ్ళింది. ట్యాంకరు దగ్గర కూర్చుని, ప్యాకెట్టు చింపి, కొంచెం కొంచెంగా పెట్టింది. పెద్దది తోడు వస్తానని వచ్చింది. మొదటి ముద్దకు చెల్లెలి నోటి వైపు చూసింది. రెండో ముద్దకు తనకు తెలియకుండానే గుటక వేసింది. తర్వాత లేచి ట్యాంకరు అవతలి వైపుకు వెళ్ళి, చక్రానికి ఆనుకుని, అటు తిరిగి కూర్చుంది.

“ఇటు రావే,” అంది తల్లి.

“ఇక్కడ నీడుందమ్మా.”

అక్కడ నీడ లేదు. కాజాలక్క చేతిలో ప్యాకెట్టు సగం ఉంది. ఆ సగాన్ని ఆమె చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ఇస్తే అత్త గెలిచినట్టు. ఇవ్వకపోతే ఆ పిల్ల వీపు అలా ఎండలోనే ఉంటుంది. చివరికి పిచ్చుకకే పెట్టింది. ఆ సాయంత్రం తన వంతు పిండి గంజి పెద్దదాని గిన్నెలో పోసింది. పిల్ల ఎవరివైపూ చూడకుండా తాగింది. అత్త తన గంజిలో సగం తెచ్చి కోడలి ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ గంజి తాగుతుంటే తిట్టు తిన్నట్టుంది కాజాలక్కకు.

చెప్పిన రోజున మిల్లు ఆవరణలో నీళ్ళు చల్లారు. రేకుల నీడ కింద మూడు కుర్చీలు వేశారు. పైనుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన మాటిమాటికీ మెడ తుడుచుకుంటున్నాడు. ఒకావిడ ఫోటోలు తీస్తోంది. ఇన్‌ఛార్జి చొక్కా ఇస్త్రీ చెదరలేదు. వయసులో చిన్నవాడే గాని గొంతు పెద్దది చేసుకుని మాట్లాడతాడు.

“ప్యాకెట్ల కొరత ఎందుకొచ్చిందని అడిగారు కదా సార్. చూడండి. మేం ఇస్తున్నాం. ఇళ్ళల్లో దుర్వినియోగం జరుగుతోంది. పేర్లతో సహా పట్టుకున్నాం.”

ఏడుగురు తల్లులను పిలిచారు. ఒక్కొక్కరి ముందూ ఒక కాగితం, పక్కన నీలం సిరా గుడ్డ. వేలిముద్ర వేస్తే హెచ్చరించి వదిలేస్తారు, కార్డు ఉంటుంది. వెయ్యకపోతే కార్డు రద్దు. మొదటి ఆమె ఏం రాశారని అడగలేదు. రెండో ఆమె ఏడుస్తూ వేసింది. మిగతావాళ్ళు ముందు వాళ్ళను చూసి వేశారు. చుట్టూ నిలబడ్డ జనంలోంచి, “దొంగముండలు! మా పిల్లల నోట్లో మట్టి కొట్టారు,” అని కేకలు. ఎవరో విసిరిన మట్టిబెడ్డ ఒకామె వీపుకు తగిలింది. ఇన్‌ఛార్జి వద్దని చెయ్యి ఊపాడు గాని గట్టిగా వద్దనలేదు.

ఏడో కాగితం కాజాలక్కది. ఆమె దాన్ని తీసుకుంది.

“వేలు అక్కడ పెట్టమ్మా.”

“నేను ఏడో తరగతి చదివానండీ. చదువుతాను.”

పైకే చదివింది. అలవాటు తప్పిన చదువు కాబట్టి ఒక్కో మాట దగ్గరా ఆగింది. “నా బిడ్డకు ఇచ్చిన ఆహారమును నా కుటుంబము దుర్వినియోగం చేసినది. శిబిరంలో ప్యాకెట్ల కొరతకు ఇటువంటి చర్యలే కారణమని అంగీకరిస్తున్నాను.” కాగితం దించి టేపమ్మ వైపు తిరిగింది. “మా ఏడిళ్ళ వల్లా కొరతొచ్చింది? పెట్టెలో ఎన్ని వచ్చాయి? పిల్లలెంతమంది?”

టేపమ్మ రిజిస్టరు మీదున్న కళ్ళు ఎత్తలేదు.

“ఆ లెక్కలు నీకెందుకు? వేలు పెడతావా, పెట్టవా?” అన్నాడు ఇన్‌ఛార్జి.

“పెట్టవే!” జనం వెనక నుంచి అత్త అరిచింది. “నీ కాళ్ళు పట్టుకుంటా, పెట్టవే! పప్పు పోతుంది!”

మొగుడు అత్త పక్కనే ఉన్నాడు. అతను అరవలేదు. వేలు పెట్టు అన్నట్టు తలాడించాడు.

కాజాలక్క కాగితాన్ని బల్ల మీద పెట్టింది. సిరా గుడ్డను పక్కకు జరిపింది. “పెట్టను. బంకులో నేను అమ్మలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ తినలేదు. తిన్నది ఎవరో చెబుతాను.” పెద్దదాన్ని రెక్క పట్టుకుని ముందుకు తీసుకువచ్చింది. పిల్ల భయంతో బిగుసుకుపోయింది. “ఇదిగో, ఇదే ఆ దొంగ. దీనికి ఆరేళ్ళు. చెల్లెలి ముద్ద తింది. కొలవండి.”

“అయిదేళ్ళు దాటినవాళ్ళని కొలవరు,” అన్నాడు ఇన్‌ఛార్జి. ఆమె కార్డు తీసి రెండు ముక్కలు చేశాడు. “నీది రద్దు. వెళ్ళు.”

ముక్కలు బల్ల మీద పడ్డాయి. వెనక అత్త నేల మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ, కోడలిని, కోడలిని కన్నవాళ్ళను తిట్టడం మొదలుపెట్టింది. కాజాలక్క కదల్లేదు. పిల్ల గౌను చెయ్యి భుజం దాకా మడిచి, ఆ జబ్బను బల్ల మీద పెట్టింది.

“కొలవండి టేపమ్మా. మీ చేత్తో కొలవండి. తర్వాత దొంగ అనండి, పడతాను.”

టేపమ్మ ఆ జబ్బ వైపు చూసింది. బళ్ళో డ్రిల్లుకు వరసగా నిలబడి చేతులు పైకెత్తిన పిల్లల్లో ఈ ఈడువాళ్ళే ఎక్కువ. ఇలాంటి చెయ్యి ఆ వరసల్లో ఎప్పుడూ చూడలేదు. టేపు తీసింది. చుట్టింది. ఒకసారి వదిలి మళ్ళీ చుట్టింది.

“పన్నెండు పాయింటు మూడు,” అంది. “పసుపు. ఇది అయిదేళ్ళలోపు వాళ్ళకి పెట్టిన గీత. ఆరేళ్ళదానికి దీంట్లో పసుపంటే...” ఆగింది. కుర్చీలో ఉన్నాయన వైపు తిరిగింది. “ఎర్రపిల్లలు అరవై ఒక్కరు సార్. నలభై మందికి సరిపడా వస్తున్నాయి. ఈ ఏడిళ్ళల్లో ఒక్కటి కూడా పక్కకి పోకపోయినా ఇరవై ఒక్కరికి ఉండవు. మూడుసార్లు చెప్పాను.”

“నిన్నెవరడిగారు?” అన్నాడు ఇన్‌ఛార్జి. ఇప్పుడు అతని గొంతు పెద్దగా లేదు.

మెడ తుడుచుకునే ఆయన తుడుచుకోవడం ఆపాడు. ఫోటోలు తీసే ఆవిడ ఫోన్ కిందికి దించింది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టేపమ్మ రిజిస్టరు తిప్పింది. ఆరేళ్ళవాళ్ళకు అందులో గడి లేదు. చివరి పేజీ వెనక ఖాళీగా ఉంటే అక్కడ పెన్నుతో గీత గీసి, ‘పెద్ద పిల్ల, ఆరేళ్ళు, 12.3’ అని రాసింది.

వేలిముద్ర వేసిన ఆరుగురిలో ఒకామె ఇంకా అక్కడే ఉంది. బొటనవేలికి సిరా ఆరలేదు. కొద్దిగా తటపటాయించి జనంలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఏడెనిమిదేళ్ళ పిల్లను రెక్క పట్టుకుని తెచ్చింది. పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచింది. తెల్లటి బట్ట మీద నీలం మరక అంటింది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. దొంగముండలని అరిచినవాళ్ళలో ఒకామె, ఇద్దరు పిల్లలను ముందుకు తోసుకుంటూ, “నెట్టకండే, నేనూ వస్తున్నాను,” అంటూ వచ్చింది.

“ఆపండి! ఏమనుకుంటున్నారు మీరు?” ఇన్‌ఛార్జి బల్ల చుట్టూ తిరిగి వచ్చి చెయ్యి చాపాడు. “టేపు ఇలా ఇవ్వు.”

అతని చెయ్యి గాల్లో ఉంది. టేపమ్మ తలెత్తి చూసింది. ఎండలోకి, నీడ దాటి చాలా దూరం, చేతులు భుజాల దాకా మడిచిన పిల్లలు నిలబడి ఉన్నారు.

“ఇవ్వను,” అంది. “తర్వాత!”